రెండు ఖాళీ గళ్ళు

పలాసలో రైలు గేటుకి దగ్గరగా ఒక కలప అడితీ ఉండేది. అందులో దుంగల్ని కొలవడం నా పని. చుట్టుకొలతా పొడవూ పట్టి, కాగితం ముట్టకుండా ఘనపుటడుగులు చెప్పేవాణ్ణి. నా బడి ఐదో తరగతితో ఆగిపోయింది. మిగిలిన లెక్కలన్నీ దుంగల దగ్గరా, పాత పంచాంగాల్లోనూ సొంతంగా నేర్చుకున్నవే. ఇంటి కప్పుకి ఎన్ని పెంకులు పడతాయో, నూతిలోకి ఎన్ని ఒరలు దిగుతాయో అడగడానికి మందస నుంచీ టెక్కలి నుంచీ కూడా మనుషులు వచ్చేవారు. చెప్పిన అంకె తప్పేది కాదు. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు.

తప్పిన లెక్క ఒకటుంది. దాన్ని గురించే ఇది.

నా ఒక్కగానొక్క చెల్లెలిని ఉద్దానంలో, సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఊరికి ఇచ్చాం. బావ బొమ్మలు వేసేవాడు. గుడి గోడల మీద, లారీల వెనక పలకల మీద, నాటకాల వాళ్ళ తెరల మీద. ఏ బొమ్మ వేసినా అందులో ఒక ఆడమనిషి ఉండేది. ఉద్దానం నేలకీ ఆడదాని ఒంటికీ గీతలు ఒక్కటేనని అతని నమ్మకం. ఇసక దిబ్బ వాలు నడుము వాలులా ఉంటుందనీ, సరుగుడు తోటలో గాలి దూరితే విప్పిన జుట్టు కదిలినట్టుంటుందనీ, ఆటుకి నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసక మీద మిగిలే చారలు కన్నతల్లి పొట్ట మీది చారల్లాంటివేననీ చెప్పేవాడు. ఏడుపొచ్చినప్పుడు మనిషి ఒళ్ళు ఎక్కడ కుంగుతుందో వానకి నేల కూడా అక్కడే కుంగుతుందట. నేను వినేవాణ్ణి. వాటిలో కొలవడానికి ఏమీ ఉండేది కాదు కనక పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.

పెళ్ళయిన ఏడో ఏట చెల్లెలికి కడుపు నిలిచింది. నెలలు నిండాయి. శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో కాన్పయింది. ఆడపిల్ల. ఏడవలేదు. మంత్రసాని చాలాసేపు చూసి, గుడ్డలో చుట్టి బావ చేతికిచ్చింది. బావా నేనూ మొగలి డొంక పక్కన ఇసకలో పెట్టి వచ్చాం. పేరు లేదు కనక పేరు పెట్టి ఏడవడానికి లేదు. దినం లేదు, తద్దినం లేదు. నెల తిరగకుండానే గాలికి అక్కడి దిబ్బ పక్కకి జరిగిపోయింది. కొబ్బరిచెట్టు మొదలు నుంచి ఆ చోటికి ముప్పై నాలుగు అడుగులని నేను గుర్తుపెట్టుకున్నాను గానీ, మళ్ళీ వెళ్ళి నడిస్తే ముప్పై నాలుగో అడుగు పడిన చోట మోకాలి లోతు గుంట ఉంది. చెల్లెలికి ఆ మాట చెప్పలేదు. ఆమే వెళ్ళి చూసుకుని వచ్చింది.

ఆశ్వయుజంలో ఒక గుమస్తా రేషను కార్డుల కోసం ఇంటింటికీ తిరిగి మనుషుల్ని రాసుకుంటూ వచ్చాడు. ఆ పూట నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఇంట్లో ఎందరని అడిగితే చెల్లెలి అత్తగారు ముగ్గురని చెప్పింది. పిల్లలని అడిగితే లేరంది. గుమ్మం లోపల నుంచి చెల్లెలు, ఒకర్తి ఉందని చెప్పింది. గుమస్తా కలం ఎత్తి, పాప ఎక్కడుందమ్మా అని అడిగాడు. అతను నా వైపు చూశాడు. నేను, ముగ్గురే, రాసుకోండి అన్నాను. ఆ లెక్క ఎవరు వేసినా అంతే వస్తుంది.

అతను వెళ్ళాక ఆమె నా దగ్గరికొచ్చి నిలబడింది.

“తొమ్మిది నెల్లు మోసినాను. నెక్కలోకి రాదా అన్నియ్యా?”

కాగితం మీద ఎక్కినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారని చెప్పాను. ఓదార్పుగా అన్నాననే అనుకున్నాను.

“అయితే కాయితం మీదే ఉంటాది,” అంది.

ఆ వారంలోనే ఆమె బావని అడిగింది. ఏమేం చెప్పి అడిగిందో నాకు చాలా తరవాత తెలిసింది. తన బొమ్మ గియ్యమంది. దేవతలా కాదు, పెళ్ళికూతురిలా కాదు. పిల్లని కని, పిల్ల లేకుండా లేచిన మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో అలాగే ఉన్నదున్నట్టు గియ్యమంది. పొట్ట ఇంకా అలాగే జారి ఉందనీ, నాలుగు నెలలు పోతే సర్దుకుపోతుందనీ, ఈలోగానే గియ్యాలనీ చెప్పింది. ఆ పిల్ల పుట్టిందనడానికి లోకంలో తన ఒళ్ళు ఒక్కటే గుర్తని ఆమెకి తెలుసు. ఆ గుర్తు రోజురోజుకీ చెరిగిపోతోందనీ తెలుసు.

సరిగ్గా అప్పుడే టెక్కలిలో ఒక నాటకాల జట్టు వాళ్ళు ముందు తెర కావాలని బావ దగ్గరికి వచ్చారు. భూదేవి బొమ్మ వెయ్యమన్నారు, ఎలా వెయ్యాలన్నది అతనికే వదిలేశారు. చెల్లెలినే భూదేవిగా వేద్దామనుకుని బావ తన తల్లిని కూతురింటికి పంపి, తలుపులు మూసుకుని మూడు మధ్యాహ్నాలు కూర్చుని గీశాడు. పద్ధెనిమిది అంగుళాల పొడవు, పన్నెండంగుళాల ఎత్తు కాగితం. దాని మీద ఒక స్త్రీ పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. తల మహేంద్రగిరికి ఆనించి, పాదాలు అలల్లో పెట్టి. జుట్టు తోటలైపోతుంది. భుజం మీద నుంచి జారిన ఒంటిపొర చీర ఎక్కడ ఆగిందో, ఇసక ఎక్కడ మొదలైందో తెలియదు. పొట్ట మీద ఆటు చారలు. ఒక చెయ్యి వంపు తిరిగి ముందుకి చాపి ఉంటుంది, పక్కలో ఎవరినో పడుకోబెట్టుకున్నట్టు. ఆ వంపులో ఎవరూ ఉండరు.

ఇదంతా నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఏం చేశానో చెప్పాలి.

తెర పద్ధెనిమిది అడుగులు, పన్నెండు అడుగులు. కాగితం మీద అంగుళానికి ఒక గడి, తెర మీద అడుగుకి ఒక గడి. అడ్డం పద్ధెనిమిది, నిలువు పన్నెండు, మొత్తం రెండువందల పదహారు గళ్ళు. ఒక్కో గడిలో ఉన్న గీతని అంతే వాటంగా పెద్ద గడిలోకి ఎక్కిస్తే బొమ్మ పన్నెండింతలై కూర్చుంటుంది. అంతకు ముందు కూడా రెండు తెరలకి బావకి నేనే గళ్ళు కొట్టి పెట్టాను. ఈసారి అతను రంగుపొడులు తేవడానికి ఇచ్ఛాపురం వెళ్ళాలి. గళ్ళతో పాటు బొగ్గు గీతలు కూడా నన్నే ఎక్కించమన్నాడు. నేను వెనకాడాను. అది నా చెల్లెలి ఒళ్ళు. ఆ మాట నేను నోటితో అనలేదు, అతనే గ్రహించాడు.

“నీకు గళ్ళే కనపడతాయి గానీ మనిసి కనపడదు బావా. అందికే నీకిత్తన్నాను,” అని నవ్వాడు.

అడితీలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఉద్దానం వెళ్ళాను. కొబ్బరికాయలు ఎండబెట్టే పాకలో ముతక గాడా గుడ్డ పరిచి, చింతగింజల జిగురూ సుద్దా కలిపి పూసి ఆరబెట్టి ఉంచాడు బావ. బొగ్గుపొడి రాసిన దారం బిగబట్టి విదిలించి గళ్ళు కొట్టాను. తరవాత ఒక అట్టముక్కకి నడిమధ్య అంగుళం కంత కోశాను. ఆ అట్టని కాగితం మీద పెడితే ఒక్క గడి తప్ప ఇంకేమీ కనపడదు. ఒక గడి చూడడం, తెర మీద గియ్యడం, అట్ట జరపడం. అలా చెల్లెలి ఒంటిని ఒక్కసారి కూడా నిండుగా చూడకుండా, కంతలోంచి అంగుళం అంగుళం ఎక్కించాను. చాలా మర్యాదగా చేశాననుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నానికి గీతలన్నీ ఎక్కాయి. లేచి పాక గుంజకి ఆనుకుని చూస్తే, బొమ్మ తప్పినట్టనిపించింది. మందస గుడి పనికి వచ్చిన ఒక శిల్పి నాకు పూర్వం ఒక లెక్క చెప్పాడు. ముఖం ఎంత పొడవో అది ఒక కొల. మెడ కింద నుంచి రొమ్ముకి ఒక కొల, రొమ్ము నుంచి బొడ్డుకి ఒక కొల. కాగితం మీద ముఖం ఒకటిన్నర అంగుళం. బొడ్డు ఉండాల్సిన చోటికి పావంగుళం కిందకి జారింది. కాగితం మీద పావంగుళమంటే తెర మీద మూడంగుళాలు. పొట్ట గీత సాగిపోయి ఉంది. చెయ్యి ఒంటికి దూరంగా పోయింది. ఆ రెంటి మధ్యా రెండు గళ్ళు పూర్తిగా ఖాళీ. అట్ట జరపడంలో పొరపాటు జరిగిందేమోనని మళ్ళీ కంతలోంచి చూశాను. కాగితం మీద కూడా అంతే ఉంది.

అయితే తప్పు బావదేనని తేల్చుకున్నాను. దుఃఖంలో గీశాడు, చెయ్యి జారి ఉంటుంది. ఈ మాట అతనితో ఎలా అనాలి? నీ పెళ్ళాం పొట్ట కిందికి గీశావని బావమరిది ఏ నోటితో చెబుతాడు? చెల్లెలు పది గజాల దూరంలో వంటింట్లో ఉంది. ఆమెని పిలిచి చూపించడం అసలు నా ఊహకే రాలేదు. చెప్పకుండా నేనే దిద్దితే అందరికీ మంచిదనుకున్నాను. బొడ్డు మూడంగుళాలు పైకి తెచ్చాను. పొట్ట గీతని బిగించాను. చారల్ని నీడల కోసం పెట్టిన పిచ్చిగీతలనుకుని తుడిచేశాను. చేతిని ఒంటికి దగ్గరగా లాగి, ఆ రెండు ఖాళీ గళ్ళనీ ముంజేతితోనూ చీర కుచ్చెళ్ళతోనూ పూడ్చాను.

ఇంకొకటి చేశాను. అడితీలో దుంగ మీద సుద్ద అంకె తప్పితే పుస్తకంలోనూ దిద్దాలి, లేకపోతే రెండూ సరిపోవు. ఆ అలవాటు కొద్దీ కాగితం మీద కూడా రబ్బరుతో తుడిచి, తెర మీద ఉన్నట్టే గీశాను.

బావ రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అప్పట్లో ఎర్రజెండా వాళ్ళ కోసం వెతుకుతూ ఆ దారిలో పోలీసులు బస్సులు ఆపి మూటలు విప్పించేవారు. ఇతని మూటలో ఎర్రపొడి ఏడు పొట్లాలుంటే, ఇది దేనికని అడిగి అడిగి కూర్చోబెట్టారట. అలసిపోయి వచ్చాడు. పాకలోకి వెళ్ళి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. కాగితం తీసి చూశాడు. నన్నేమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. మర్నాటి నుంచి మోకాళ్ళ మీద కూర్చుని రంగులు మొదలుపెట్టాడు. నేను పలాస వచ్చేశాను. అతను మాట్లాడకపోయేసరికి, నా దిద్దుబాటు నచ్చిందనుకున్నాను.

చెల్లెలు పాకలోకి రాలేదు. పూర్తయ్యాక ఒక్కసారే చూస్తానందట.

మాఘంలో టెక్కలిలో తెర కట్టిన రోజు మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. వేదిక మీద తాళ్ళు బిగించి మెల్లగా దించారు. కొండ దిగింది, తోటలు దిగాయి, ముఖం దిగింది. నాటకాల వాళ్ళు నలుగురైదుగురు కింద కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. బిగువైన నడుము, నిండు చెయ్యి, ఎక్కడా ఒక మడత లేని పొట్ట. ఆడ వేషాలు కట్టే ఒకతను, ఇంకమీదట ఈవిడ ముందు నన్నెవడు సూత్తాడ్రా అని నవ్వాడు. అందరూ నవ్వారు. రంగులు చాలా బాగా వచ్చాయి. ఆ తడి ఇసక రంగు మళ్ళీ ఏ తెర మీదా నేను చూడలేదు.

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. పొట్ట దగ్గర చూసింది, చెయ్యి దగ్గర చూసింది. బయటికి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. బస్సు కోసం నిలబడ్డ చోట బావతో అంది.

“ఆ మనిసికి బిడ్డ పుట్టనేదు.”

బావ ఆమె వైపు తిరిగాడు. నువ్వే మీ అన్నతో చెప్పి మార్పించావనుకున్నాను, నలుగురి కళ్ళ పడుతుందని సిగ్గుపడ్డావేమోనని అడగలేదు అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది. నేను శిల్పి చెప్పిన కొల గురించీ, పావంగుళం గురించీ, పూడ్చిన రెండు ఖాళీ గళ్ళ గురించీ చెప్పాను. చెబుతుండగానే అది ఎంత చిన్న మాటో నాకు తెలిసిపోయింది. బావకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. “మనం ముగ్గురం ఒక్కింట్లో ఉండీ ఒక్కరం నోరిప్పనేదు బావా,” అని తల దించుకున్నాడు.

కాగితం ఉంది కదా అని ఆమె అడిగింది. నేను కాగితం మీద కూడా దిద్దానని చెప్పాల్సి వచ్చింది. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ వైపు కూర్చుంది.

తెరని మళ్ళీ దిద్దనివ్వమని బావ టెక్కలి వెళ్ళి అడిగాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. అందరూ మెచ్చుకున్న బొమ్మని పాడు చేస్తారా అన్నారు. రంగు మీద రంగు మందంగా పడితే తెర చుట్టినప్పుడల్లా పెచ్చులూడుతుందన్నారు. అది నిజమేనని బావకీ తెలుసు.

కొత్త కాగితం మీద గియ్యడానికి చెల్లెలు మళ్ళీ కూర్చుంది. అప్పటికి కాన్పయి ఏడో నెల. ఒళ్ళు సర్దుకుపోయింది. చారలు తెల్లబడి దాదాపు చర్మంలో కలిసిపోయాయి. బావ జ్ఞాపకం మీద గియ్యబోతే ఆమె వద్దందట. అప్పుడు చూసి గీశావు, ఇప్పుడు అనుకుని గీస్తున్నావు, అనుకున్నది సాక్ష్యం కాదు అని లేచిపోయిందట. బావే చెప్పాడు ఈ సంగతి. ఆ తరవాత చాలాకాలం అతను ఆడబొమ్మలు వెయ్యలేదు. లారీల మీద పేర్లూ, దుకాణాలకి బోర్డులూ రాసేవాడు.

నాతో ఆమె మాట్లాడటం మానలేదు. తిన్నావా, వదిన ఎలా ఉంది అని అడిగేది. అంతకు మించి లేదు. నేను ఉద్దానం వెళ్ళడం తగ్గించాను. అడితీలో కూడా ఆ రోజుల్లో ప్రతి దుంగనీ రెండుసార్లు కొలిచేవాణ్ణి. పక్కనున్నవాళ్ళు ఏటైంది నీకు అని వేళాకోళమాడేవారు.

వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఆమె ఒక్కతే బస్సు దిగి అడితీకి వచ్చింది. దుంగల మధ్య నిలబడి, ఏ గళ్ళు అని అడిగింది. నాకు కాగితం చూడాల్సిన పని లేదు. కింద నుంచి నాలుగో వరస, ఎడమ నుంచి ఎనిమిది, తొమ్మిది అని చెప్పాను. చూపించమంది. అప్పటికప్పుడే టెక్కలి వెళ్ళాం.

వేదిక దగ్గర తాళ్ళు చూసుకునే ముసలతను ఒక్కడే ఉన్నాడు. బొమ్మ వేసినతని ఇంటివాళ్ళమని చెబితే తెర దించాడు. గళ్ళ గీతలు రంగు కింద ఎప్పుడో పోయాయి. నేను టేపు తీశాను. కింది అంచు నుంచి మూడడుగులు పైకి, ఎడమ అంచు నుంచి ఏడడుగులు లోపలికి. అక్కడ వేలు పెట్టాను. అక్కడి నుంచి రెండడుగులు కొలిచి ఇంకో వేలు పెట్టాను. నా రెండు వేళ్ళ మధ్య ముంజెయ్యీ కుచ్చెళ్ళూ ఉన్నాయి. ఇసకలో పెట్టిన రోజు ఆ పిల్లని నేను కొలవలేదు. అయినా నా కన్నుకి కొలవకుండా ఉండే అలవాటు లేదు. రెండు జానలు. అంటే అడుగున్నర. బావ ఆ ఖాళీలో పిల్లకి సరిపోయి, కొంచెం కదలడానికి కూడా చోటు ఉంచాడు.

“ఇక్కడి నుంచి ఇక్కడికా?”

“అవునమ్మా.”

ఆమె తెరకి దగ్గరగా వచ్చి, నా వేళ్ళ మధ్య తన ముంజేతిని అడ్డంగా ఆనించింది. మోచెయ్యి ఒక కొసన, అరచెయ్యి ఇంకో కొసవైపు. గుడ్డ కొంచెం లోపలికి కుంగింది. నేను వేళ్ళు తియ్యలేదు. తాడు పట్టుకున్న ముసలతను ఏమీ అర్థంకాక నా ముఖం చూశాడు. ఆగమని కళ్ళతోనే చెప్పాను. ఎంతసేపు అలా ఉందో చెప్పలేను. ఆ ఒక్కటీ నేను లెక్కపెట్టలేదు.

తరవాత ఆమె చెయ్యి తీసి, తెర మీంచి అంటిన పొడిని దులపకుండా ఆ చేతిని కొంగులో పెట్టుకుంది.

“ఎత్తెయ్యండి తాతా,” అంది.